భాగం – 9: బల్ల దగ్గర నిరసన, బస్తీలో సహాయం – ఒక అభ్యంతరంపై విమర్శ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 అభ్యంతరంలోని బలం
9.3 గ్రీన్స్‌బరో: చోటూ కోరికా ఒకటే అయినప్పుడు
9.4 కౌంటర్ తెరుచుకుంది, జేబు నిండలేదు
9.5 గ్రీన్‌వుడ్: తిండిగింజలు ఆగిపోయిన చలికాలం
9.6 బ్లాక్ బ్రంచ్: విలువ కట్టడం
9.7 మన రాజ్యాంగంలో హోటలు
9.8 సారాంశం
9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు

• ఒక నిరసన పద్ధతిపై వచ్చే అభ్యంతరాన్ని విడదీసి, అందులో నిలిచే అంశాలనూ నిలవని అంశాలనూ వేరుచేయగలుగుతారు.
• అమెరికాలో 1960 నాటి లంచ్ కౌంటర్ బైఠాయింపులనూ 2015 నాటి 'బ్లాక్ బ్రంచ్' నిరసననూ పోల్చి చెప్పగలుగుతారు.
• తరతరాల పేదరికానికీ పౌరహక్కులకూ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఏ నిరసనకైనా విలువ కట్టడానికి పనికివచ్చే మూడు ప్రశ్నలను అన్వయించగలుగుతారు.

9.1 పరిచయం

2015 జనవరి 4, ఆదివారం. అమెరికాలోని న్యూయార్క్, ఓక్లండ్ నగరాల్లో కొన్ని రెస్టారెంట్లు జనంతో నిండి ఉన్నాయి. అక్కడ ఆదివారం పొద్దెక్కాక, ఉదయపు ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ కలిపి తీరిగ్గా తినే అలవాటు ఉంది. దాన్ని బ్రంచ్ అంటారు. ఆ సమయంలో చిన్న చిన్న బృందాలు లోపలికి వచ్చి, పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతివారి పేర్లను పైకి చదివాయి. కొన్ని నిమిషాల తరవాత బయటికి వెళ్ళిపోయాయి. తింటున్నవారిలో కొందరు లేచి నిలబడి సంఘీభావం తెలిపారు. మరికొందరు ఏం చేయాలో తోచక పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నారు. ఈ నిరసనకు 'బ్లాక్ బ్రంచ్' అనే పేరు వచ్చింది.

దీనికి ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. 2014 జూలైలో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్, ఆగస్టులో మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ పోలీసుల చేతిలో మరణించారు. ఆ పోలీసు అధికారులపై నేరారోపణ అవసరం లేదని ఆ ఏడాది చివర గ్రాండ్ జ్యూరీలు తేల్చాయి. వీధుల్లో సాగుతున్న నిరసన భోజనశాలల్లోకి రావడానికి ఇదీ నేపథ్యం.

బ్లాక్ బ్రంచ్‌పై వెంటనే ఒక అభ్యంతరం వినిపించింది. "తినేవాళ్ళను విసిగిస్తే ఏం ఒరుగుతుంది? ఈ ఓపికను తరతరాలుగా పేదరికంలో మగ్గుతున్న బస్తీలకు సాయం చేయడంలో పెట్టవచ్చు కదా?" అన్నదే దాని సారం. ఈ మాట అమెరికాకే పరిమితం కాదు. రాస్తారోకో జరిగిన ప్రతిసారీ మన ఊళ్ళలోనూ ఇలాంటి మాట వింటూనే ఉంటాం. వినడానికి ఇది న్యాయంగా ఉంటుంది. అందుకే దీన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. ఈ భాగంలో మన విమర్శకు వస్తువు నిరసన ఒక్కటే కాదు, నిరసనపై వచ్చిన ఈ అభ్యంతరం కూడా.

9.2 అభ్యంతరంలోని బలం

ఎదుటి వాదాన్ని దాని బలహీన రూపంలో పట్టుకుని కొట్టడం సులువు. దాని బలమైన రూపాన్ని ముందు నిలబెట్టి, ఆ తరవాత పరీక్షించడం విమర్శకుల బాధ్యత. ఈ అభ్యంతరంలో మూడు వాదాలు కలిసి ఉన్నాయి.

మొదటిది న్యాయానికి సంబంధించింది. ఆదివారం పూట ఫలహారం చేయడానికి వచ్చినవారు ఎవరినీ కాల్చలేదు, ఏ తీర్పూ ఇవ్వలేదు. వారిని దోషుల్లా నిలబెట్టడం సరైనదేనా? పైగా రెస్టారెంటులో ఉండేది తినేవారు మాత్రమే కాదు, వడ్డించేవారు కూడా ఉంటారు. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం టిప్పులపై ఆధారపడే కార్మికులకు యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు మాత్రమే. 1991 నుంచి ఆ అంకె మారలేదు. తినేవారు చిరాకుపడి లేచిపోతే ముందుగా నష్టపోయేది వడ్డించే మనిషి.

రెండోది ప్రయోజనానికి సంబంధించింది. కనీసం రెండు తరాలుగా ఒక కుటుంబం బయటపడలేకపోయిన పేదరికాన్ని తరతరాల పేదరికం అంటారు. ఉద్యోగం పోవడం వల్లనో జబ్బు చేయడం వల్లనో కొంతకాలం వచ్చే ఇబ్బంది దీనికి భిన్నమైనది. అమెరికా కేంద్ర బ్యాంకు 2019లో జరిపిన సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబాల మధ్యస్థ ఆస్తి 1,88,200 డాలర్లు, నల్లజాతి కుటుంబాలది 24,100 డాలర్లు. పేర్లు చదివినంతమాత్రాన ఇంత పెద్ద తేడా పూడదు కదా అన్నది ప్రశ్న.

మూడోది ప్రజాభిప్రాయానికి సంబంధించింది. తటస్థంగా ఉన్నవారిని చికాకు పెడితే వారు ఎదుటి పక్షానికి వెళ్ళిపోతారని ఈ వాదం చెబుతుంది.

ఈ మూడింటిలో ఏదీ కొట్టిపారేయదగింది కాదు. అయితే వీటి కింద చెప్పకుండా ఉండిపోయిన ఒక నమ్మకం ఉంది. ఆటంకం కలిగించేవారు వేరు, సహాయం చేసేవారు వేరు అన్నదే ఆ నమ్మకం. ఒకటి చేస్తే రెండోది చేయలేరనీ, సహాయం చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదనీ అది అనుకుంటుంది. చరిత్ర దీన్ని బలపరుస్తుందా? ఇందుకోసం భోజనపు బల్ల దగ్గర జరిగిన నిరసనల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన దాన్ని చూద్దాం.

9.3 గ్రీన్స్‌బరో: చోటూ కోరికా ఒకటే అయినప్పుడు

1960 ఫిబ్రవరి 1న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణానికి వెళ్ళారు. ఎజెల్ బ్లెయిర్ జూనియర్, ఫ్రాంక్లిన్ మెకేన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్ వారి పేర్లు. ముందు టూత్‌పేస్టు వంటి చిన్న వస్తువులు కొని రసీదులు దగ్గర పెట్టుకున్నారు. ఆ తరవాత తెల్లవారికి మాత్రమే కేటాయించిన లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. దుకాణం మూసేదాకా అక్కడే కూర్చున్నారు.

ఆ రసీదుల్లోనే వారి వాదం అంతా ఉంది. ఒక కౌంటర్‌లో మా డబ్బు తీసుకున్నవారు, అదే కప్పు కింద ఇంకో కౌంటర్‌లో ఎందుకు తీసుకోరు అన్నదే ప్రశ్న. దీనికి దుకాణం దగ్గర జవాబు లేదు.

మరునాడు 20 మందికి పైగా వచ్చారు. వారం తిరిగేలోగా వందలమంది అయ్యారు. రెండు నెలల్లో ఉద్యమం 50కి పైగా నగరాలకు పాకింది. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో విద్యార్థులు జేమ్స్ లాసన్ అనే మతబోధకుడి దగ్గర ముందే శిక్షణ పొందారు. గాంధీజీ పద్ధతులను భారతదేశంలో ఉండి అధ్యయనం చేసిన వ్యక్తి ఆయన. ఆయన శిక్షణలో విద్యార్థులే తిట్టేవారిగా, కొట్టేవారిగా నటించి ఒకరినొకరు పరీక్షించుకునేవారు. తిరిగి కొట్టకూడదు, తిట్టకూడదు, నిటారుగా కౌంటర్ వైపే తిరిగి కూర్చోవాలి, మర్యాద తప్పకూడదు అన్నవి వారు పెట్టుకున్న నియమాలు. 1960 ఫిబ్రవరి 27న వారిపై దాడి జరిగినప్పుడు పోలీసులు అరెస్టు చేసింది కొట్టినవారిని కాదు, దెబ్బలు తిన్న 81 మంది విద్యార్థులను. 1963 మే 28న మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో, కౌంటర్ దగ్గర కూర్చున్నవారి తలలపై పంచదార, కెచప్, ఆవపిండి ముద్ద పోశారు.

ఈ ఉదాహరణ నుంచి విమర్శకు పనికివచ్చే మూడు ప్రశ్నలు తీసుకోవచ్చు.

(అ) చోటు: ఆటంకం జరిగిన చోటుకూ కోరికకూ సంబంధం ఏమిటి? గ్రీన్స్‌బరోలో ఆ రెండూ ఒకటే. ఆ కుర్చీలో కూర్చోవడమే కోరిక, ఆ కుర్చీలో కూర్చోవడమే నిరసన.

(ఆ) మూల్యం: ఆటంకానికి ఎక్కువ మూల్యం చెల్లించింది ఎవరు? తినడానికి వచ్చినవారు పోగొట్టుకున్నది ఒక పూట ప్రశాంతత. విద్యార్థులు దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్ళారు.

(ఇ) కొనసాగింపు: మరునాడు ఏం జరిగింది? నాష్‌విల్‌లో నల్లజాతి కుటుంబాలు నగరం నడిబొడ్డులోని దుకాణాల్లో కొనడం మానేశాయి. మే 10 నుంచి అక్కడి కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి. గ్రీన్స్‌బరోలో జూలై 25న తెరుచుకున్నాయి. ఆ రోజు ఊల్‌వర్త్ కౌంటర్‌లో మొదట వడ్డన అందుకున్న నల్లజాతివారు ఆ దుకాణంలోని ఉద్యోగులే. అంతకాలమూ అక్కడ పనిచేస్తూ వచ్చినవారికి, అక్కడ కూర్చుని తినే హక్కు ఆ రోజు దక్కింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. గ్రీన్స్‌బరో విద్యార్థులు ముందుగా వస్తువులు కొని రసీదులు ఎందుకు దాచుకున్నారు?
2. 'చోటు, మూల్యం, కొనసాగింపు' అనే మూడు ప్రశ్నలను రెండేసి వాక్యాల్లో వివరించండి.

9.4 కౌంటర్ తెరుచుకుంది, జేబు నిండలేదు

నేడు ఈ బైఠాయింపులను పాఠ్యపుస్తకాలు గౌరవంగా చెబుతాయి. ఆనాటి మాట వేరు. 1961లో గాలప్ సంస్థ జరిపిన సర్వేలో 57 శాతం మంది, ఇలాంటి బైఠాయింపులూ ప్రదర్శనలూ దక్షిణాదిలో నల్లజాతివారి అవకాశాలను దెబ్బతీస్తాయని చెప్పారు. మేలు చేస్తాయన్నవారు 28 శాతం. అంటే బ్లాక్ బ్రంచ్‌పై వచ్చిన మూడో అభ్యంతరం, చికాకు పెడితే జనం దూరమవుతారన్న మాట, గ్రీన్స్‌బరో విషయంలోనూ వినిపించింది. అయినా మూడేళ్ళలోనే 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది. దాని రెండో అధ్యాయం రెస్టారెంట్లలో జాతివివక్షను నిషేధించింది. నిరసన జరిగిన రోజున జనం మెచ్చారా లేదా అన్నది దాని ఫలితానికి కొలబద్ద కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అలాగని జనం తిట్టిన ప్రతి నిరసనా గొప్పదనీ కాదు.

అయితే రెండో అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. కౌంటర్ తెరుచుకుంటే పేదరికం పోయిందా? పోలేదు. ఈ మాటను అందరికన్నా గట్టిగా చెప్పింది ఉద్యమ నాయకుడైన మార్టిన్ లూథర్ కింగే. 1968 మార్చిలో మెంఫిస్‌లో సమ్మె చేస్తున్న పారిశుధ్య కార్మికుల సభలో ఆయన ఈ ప్రశ్న వేశారు. హాంబర్గర్ కొనడానికి చేతిలో డబ్బు లేకపోతే, అందరితో కలిసి కౌంటర్ దగ్గర కూర్చునే హక్కు వచ్చి ఏం లాభం అన్నది ఆ ప్రశ్న సారాంశం. ఆ ఏప్రిల్ 4న అదే నగరంలో ఆయన హత్యకు గురయ్యారు. ఆయన తలపెట్టిన 'పేదల ఉద్యమం' కింద ఆ వేసవిలో వేలమంది రాజధాని వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉన్నారు. జూన్ 24న పోలీసులు ఆ శిబిరాన్ని ఖాళీ చేయించారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కింగ్ వేసిన ప్రశ్నా, నిరసనను తప్పుపట్టేవారు వేసే ప్రశ్నా పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ పేదరికాన్నే ముందుకు తెస్తాయి. కింగ్ ఆ ప్రశ్నతో నిరసనను మానలేదు. కౌంటర్ దగ్గరినుంచి కూలి రేట్ల దగ్గరికి, అక్కడినుంచి రాజధానికి దాన్ని తీసుకెళ్ళారు. ఒకే ప్రశ్నను ఒకరు మరో అడుగు వేయడానికి వాడితే, మరొకరు వేసిన అడుగును ఆపడానికి వాడతారు. వాదాన్ని విమర్శించేటప్పుడు దాని మాటలనే కాదు, అది ఏ పనికి ఉపయోగపడుతున్నదో కూడా చూడాలి.

9.5 గ్రీన్‌వుడ్: తిండిగింజలు ఆగిపోయిన చలికాలం

'ఆటంకం వేరు, సహాయం వేరు' అన్న నమ్మకాన్ని పరీక్షించడానికి మిసిసిపీ రాష్ట్రంలోని లెఫ్లోర్ కౌంటీకి వెళ్దాం. దాని ముఖ్య పట్టణం గ్రీన్‌వుడ్. అది పత్తి పండే నేల. నల్లజాతి కుటుంబాలు తెల్ల భూస్వాముల పొలాల్లో పాలుకు సేద్యం చేసేవి. విత్తనానికీ తిండికీ తీసుకున్న అప్పు పంట చేతికి రాగానే లెక్కలో పోయేది. తండ్రి అప్పు కింద కొడుకు పనిచేసే స్థితి అది. తరతరాల పేదరికం అన్న మాటకు అసలు రూపం ఇదే. పత్తితీత యంత్రాలు వచ్చాక ఉన్న కూలి కూడా తగ్గింది. చలికాలంలో పని ఉండదు. సమాఖ్య ప్రభుత్వం మిగులు ధాన్యాల నుంచి ఇచ్చే పిండి, బియ్యం, పాలపొడి వంటివే అప్పుడు వారికి ఆధారం.

1962లో అక్కడికి విద్యార్థి అహింసా సమన్వయ సంఘం కార్యకర్తలు వచ్చి, నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించడం మొదలుపెట్టారు. ఈ సంఘం 1960 ఏప్రిల్‌లో, ఎలా బేకర్ చొరవతో, లంచ్ కౌంటర్ల దగ్గర కూర్చున్న విద్యార్థులు కలిసి పెట్టుకున్నదే. ఓటు నమోదుకు జవాబుగా కౌంటీ పాలకమండలి ఆ అక్టోబరులో మిగులు ఆహారం పంపిణీని ఆపేసింది. సుమారు 22,000 మందికి ఆసరా పోయింది.

అప్పుడు ఆహారం తెచ్చింది ఎవరు? ఆ విద్యార్థి సంఘమే. ఉత్తరాది నగరాల్లో ఆహారం, బట్టలు, మందులు సేకరించి లారీల్లో తెప్పించారు. ప్రసిద్ధ హాస్యనటుడు డిక్ గ్రెగరీ 1963 ఫిబ్రవరిలో విమానంలో ఆహారం తెచ్చి పంచారు. ఆహారం కోసం వచ్చినవారిలో వందలమంది ఓటు నమోదుకు కోర్టు దాకా నడిచారు. చివరికి సమాఖ్య ప్రభుత్వం ఒత్తిడితో పంపిణీ తిరిగి మొదలైంది.

ఈ సంఘటన మన చర్చకు రెండు విషయాలు చెబుతుంది. ఒకటి, రెస్టారెంటులో బైఠాయించిన చేతులూ పిండి బస్తాలు మోసిన చేతులూ ఒకే ఉద్యమానివి. రెండు, హక్కు లేనివారికి అందే సహాయం ఇచ్చేవారి దయమీద ఆధారపడి ఉంటుంది. నోరు తెరిస్తే అది ఆగిపోతుంది. అందుకే సహాయం నిలవాలంటే హక్కు కోసం పోరాటం కూడా కావలసి వచ్చింది.

ఫానీ లూ హేమర్ జీవితం దీనికి మరో సాక్ష్యం. ఆమె 20 మంది సంతానంలో చివరి బిడ్డ. ఆరేళ్ళ వయసు నుంచి పత్తి తీసింది. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకు వెళ్ళినందుకు, ఏళ్ళ తరబడి పనిచేసిన పొలం నుంచి భూస్వామి వెళ్ళగొట్టాడు. ఆమె ఆ విద్యార్థి సంఘంలోనే కార్యకర్తగా చేరింది. 1964లో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభలో, తాను జైల్లో తిన్న దెబ్బల గురించి దేశం వినేలా చెప్పింది. ఆ హేమరే 1969లో సన్‌ఫ్లవర్ కౌంటీలో 40 ఎకరాలతో 'ఫ్రీడమ్ ఫార్మ్' అనే సహకార వ్యవసాయ క్షేత్రాన్ని ప్రారంభించింది. కూరగాయలు పండించి పేద కుటుంబాలకు ఇచ్చేవారు. 'పందుల బ్యాంకు' పెట్టి, ఒక కుటుంబానికి పందిని ఇస్తే, ఈనిన పిల్లల్లో కొన్నిటిని బ్యాంకుకు తిరిగి ఇచ్చే పద్ధతి పెట్టారు. వాటిని మరో కుటుంబానికి ఇచ్చేవారు. ఓటుకోసం పోరాడిన మనిషే, ఓటు ఒక్కటీ కడుపు నింపదని గుర్తించింది.

ఆ క్షేత్రం ఎక్కువకాలం నిలవలేదు. డబ్బు చాలక 1970ల మధ్యలో మూతపడింది. తరతరాల పేదరికాన్ని కొద్దిమంది కార్యకర్తల సేవతో పోగొట్టవచ్చని చెప్పేవారు ఈ ముగింపును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సహాయం ఎవరికీ ఇబ్బంది కలిగించదన్న మాట కూడా నిలవదు. బ్లాక్ బ్రంచ్ జరిగిన ఓక్లండ్‌లోనే 1969 జనవరిలో బ్లాక్ పాంథర్ పార్టీ ఒక చర్చిలో పిల్లలకు బడికి వెళ్ళేముందు ఉచిత ఫలహారం పెట్టడం మొదలుపెట్టింది. అది అనేక నగరాలకు వ్యాపించింది. ఆయుధాలు పట్టిన పార్టీగా పాంథర్లపై ప్రభుత్వానికి ముందే అనుమానం ఉన్నమాట నిజమే. అయినా ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గర్ హూవర్ పెద్ద ప్రమాదంగా ఎంచినవాటిలో ఈ ఫలహార కార్యక్రమం కూడా ఉంది. పిల్లలకు తిండి పెట్టడం కూడా, పెట్టేది ఎవరన్నదాన్ని బట్టి, ఆటంకంగానే కనిపించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. లెఫ్లోర్ కౌంటీలో ఆహార పంపిణీని ఎందుకు ఆపేశారు? దాని ఫలితం ఏమిటి?
2. ఫ్రీడమ్ ఫార్మ్ విజయాన్నీ పరిమితినీ అయిదు వాక్యాల్లో రాయండి.

9.6 బ్లాక్ బ్రంచ్: విలువ కట్టడం

ఇప్పుడు మన మూడు ప్రశ్నలతో బ్లాక్ బ్రంచ్‌ను పరీక్షిద్దాం.

చోటు విషయంలో అది గ్రీన్స్‌బరో కాదు. ఆ రెస్టారెంట్లు ఎవరినీ బయట నిలబెట్టలేదు. కోరిక పోలీసు వ్యవస్థకు సంబంధించింది, నిరసన భోజనశాలలో జరిగింది. ఈ రెండింటినీ కలిపే తీగ కనిపించదు. దాన్ని మాటల్లో చెప్పాలి. మీరు ప్రశాంతంగా తింటున్న ఈ గంట, మరికొందరికి దొరకని గంట అన్నది ఆ నిరసనకారుల ఉద్దేశం. ఆలోచనగా అది బలమైనదే. గ్రీన్స్‌బరోలో మాత్రం ఆ వివరణ అవసరమే రాలేదు. ఖాళీ కప్పు ముందు కూర్చున్న విద్యార్థిని చూస్తే చాలు, అన్యాయం ఏమిటో అర్థమవుతుంది. ఈ తేడా బ్లాక్ బ్రంచ్‌కు నిజమైన లోపం. దాన్ని సమర్థించేవారు గ్రీన్స్‌బరో పేరు చెప్పి ఈ లోపాన్ని దాటవేయకూడదు.

మూల్యం విషయంలో, అది పూర్తిగా అన్యాయమైన నిరసన అని చెప్పలేం. ఎవరినీ కొట్టలేదు, వస్తువులు పగలగొట్టలేదు, కొన్ని నిమిషాల్లో వెళ్ళిపోయారు. తినేవారు పోగొట్టుకున్నది చాలా తక్కువ. వడ్డించేవారి సంగతి ఆలోచించారా అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది.

కొనసాగింపు విషయంలో, ఫెర్గూసన్ నుంచి వచ్చిన ఒక పత్రాన్ని పక్కన పెట్టి చూడాలి. 2015 మార్చి 4న అమెరికా న్యాయశాఖ ఆ పట్టణ పోలీసు వ్యవస్థపై విచారణ నివేదిక విడుదల చేసింది. అక్కడి పోలీసులూ మునిసిపల్ కోర్టూ ప్రజల రక్షణ కన్నా జరిమానాల రాబడిపై దృష్టి పెట్టారనీ, ఆ భారం ఎక్కువగా నల్లజాతివారిపై పడిందనీ తేల్చింది. నివేదికలో ఒక మహిళ ఉదంతం ఉంది. 2007లో ఆమె కారును నిలపకూడని చోట నిలిపింది. జరిమానా 151 డాలర్లు, దానిపై రుసుములు. ఆమె పేదరాలు, కొన్నాళ్ళు ఉండడానికి ఇల్లు కూడా లేదు. కట్టలేకపోయినందుకు, కోర్టుకు రానందుకు మళ్ళీ జరిమానాలు పడ్డాయి. ఆరు రోజులు జైల్లో గడిపింది. 2014 చివరికి 550 డాలర్లు కట్టినా, ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది.

బ్లాక్ బ్రంచ్‌పై వచ్చిన అభ్యంతరం ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువగా బలహీనపడుతుంది. 'పోలీసుల సంగతి వదిలి పేదరికం సంగతి చూడండి' అన్న సలహాలో అవి రెండూ వేరువేరు సమస్యలు. ఆ మహిళ జీవితంలో అవి వేరు కావు. ఆమె పేదరికాన్ని తగ్గించాలనుకునేవారు ఆమెకు వంద డాలర్లు ఇవ్వవచ్చు. ఆ వంద నేరుగా కోర్టు ఖజానాకే పోతుంది. ఆ కోర్టు తీరు మారకుండా చేసే సహాయం చిల్లికుండలో పోసిన నీళ్ళే.

కాబట్టి మన తీర్పు ఇలా ఉండవచ్చు. బ్లాక్ బ్రంచ్ ఎత్తి చూపిన సమస్య నిజమైనది, పేదరికంతో ముడిపడినది. ఎంచుకున్న చోటు ఆ ముడిని కళ్ళకు కట్టలేకపోయింది. ఆ పేర్లతో పాటు ఆ 541 డాలర్ల లెక్క వంటిది కూడా బల్లల మధ్య వినిపించి ఉంటే, తినేవారికి జాలికో కోపానికో బదులు ఒక ప్రశ్న మిగిలేది. మా ఊరి కోర్టు ఎవరి డబ్బుతో నడుస్తోంది అన్నదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు ఓటరుగా ప్రతి ఒక్కరూ జవాబు వెతకవచ్చు.

9.7 మన రాజ్యాంగంలో హోటలు

ఈ చర్చ మనకు దూరమైనదేమీ కాదు. భారత రాజ్యాంగం 15(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ప్రాంతం కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి, రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి రాకుండా అడ్డుకోరాదని స్పష్టంగా చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ నిషేధాన్ని అమలు చేయడానికి 1955లో చట్టం వచ్చింది. అయినా తెలుగు పల్లెల్లో టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరవాత కూడా కొనసాగింది. దళితులకు వేరే గ్లాసు, తాగాక వారే కడిగి పెట్టాలి. దళిత సంఘాలు దానికి వ్యతిరేకంగా పోరాడవలసి వచ్చింది.

అలాంటి సందర్భాల్లో "గ్లాసు కోసం గొడవ ఎందుకు, భూమి సంగతి చూసుకోండి" అనేవారు ఉంటారు. అలా అనేవారికి చరిత్రే జవాబు చెబుతుంది. గ్లాసు గురించి అడిగినవారు భూమినీ నిధులనూ మరచిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల, తెగల ఉపప్రణాళిక నిధులకు చట్టబద్ధత కావాలని దళిత, గిరిజన సంఘాలు సాగించిన ఉద్యమం తరవాతే 2013లో ఆ చట్టం వచ్చింది. గౌరవం అడగడం నేర్చుకున్నవారే బడ్జెట్‌లో వాటా అడగగలిగారు.

మీరు మీ ఊళ్ళో ఒక నిరసనను చూసినప్పుడు, లేదా అందులో నిలబడవలసి వచ్చినప్పుడు, ఈ భాగంలోని మూడు ప్రశ్నలు మీకు పనికివస్తాయి. నిరసనకారులను అడగడానికి అవి ఎంత అవసరమో, "దీనికన్నా సాయం చేయవచ్చు కదా" అనేవారిని అడగడానికీ అంతే అవసరం. ఆ మాట అన్నవారు ఏ సాయం చేస్తున్నారు, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు, అది ఎంతకాలం నిలుస్తుంది అని కూడా అడగాలి.

9.8 సారాంశం

రెస్టారెంట్లలో తినేవారికి ఆటంకం కలిగించే బదులు పేదలకు సాయం చేయాలన్న అభ్యంతరంలో న్యాయం, ప్రయోజనం, ప్రజాభిప్రాయం అనే మూడు వాదాలున్నాయి. ఒక నిరసనను చోటు, మూల్యం, కొనసాగింపు అనే మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. 1960 నాటి గ్రీన్స్‌బరో నిరసనలో చోటూ కోరికా ఒకటే. 2015 నాటి బ్లాక్ బ్రంచ్‌లో ఆ సంబంధం బలహీనం. కౌంటర్ తెరుచుకున్నంతమాత్రాన పేదరికం పోదన్న మాట నిజం. ఆ మాటను ఉద్యమకారులే ముందు చెప్పారు. గ్రీన్‌వుడ్ అనుభవం, ఫానీ లూ హేమర్ జీవితం, ఫెర్గూసన్ నివేదిక కలిసి చెప్పేదేమిటంటే, హక్కు లేని సహాయం ఎప్పుడైనా ఆగిపోవచ్చు, సహాయం లేని హక్కు కడుపు నింపదు. ఆ రెండింటిలో ఒకటే ఎంచుకోమని చెప్పే వాదాన్ని విమర్శకులు అంగీకరించనవసరం లేదు.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. లంచ్ కౌంటర్ బైఠాయింపులనూ బ్లాక్ బ్రంచ్‌నూ చోటు, మూల్యం, కొనసాగింపు అనే ప్రశ్నల ఆధారంగా పోల్చండి.
2. 'హక్కు లేని సహాయం ఎప్పుడైనా ఆగిపోవచ్చు.' ఈ వాక్యాన్ని గ్రీన్‌వుడ్ సంఘటన ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. కింగ్ మెంఫిస్‌లో వేసిన ప్రశ్నకూ నిరసనను తప్పుపట్టేవారి ప్రశ్నకూ తేడా ఏమిటి?
2. ఫెర్గూసన్ నివేదికలోని మహిళ ఉదంతం పోలీసు వ్యవస్థకూ పేదరికానికీ ఉన్న సంబంధాన్ని ఎలా చూపుతుంది?
3. మీ ప్రాంతంలో మీకు తెలిసిన ఒక నిరసనను తీసుకుని, ఈ భాగంలోని మూడు ప్రశ్నలతో పరిశీలించండి.